పాత పుస్తకం తూకానికేనా?

గరివిడి: పండక్కి ఇల్లు దులిపినప్పుడు అటకమీది పుస్తకాలు పాత కాగితాల తూకానికి పోవడం పల్లెల్లో మామూలే. ఇచ్చేముందు అచ్చయిన సంవత్సరం చూడడం మంచిది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' ఇందుకు ఉదాహరణ. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దానిని బాగా పెంచి తిరగరాశారు. నేడు అందరూ చదివేది ఈ రెండో కూర్పే. కనుమరుగవుతున్న తొలి కూర్పును బంగోరె 1969లో మళ్లీ అచ్చువేశారు. కనుక కథ పాతదైతే చాలదు. 'ప్రథమ ముద్రణ' అన్న మాట, సంవత్సరం, ప్రెస్సు పేరు, ముందుమాట కింది తేదీ సరిపోవాలి. అట్ట చిరిగినా ఫరవాలేదు. ఆ మొదటి పేజీలు పోతే పుస్తకం వయసు చెప్పే సాక్ష్యం పోయినట్టే.