“నా కథ కాపీ కొట్టిండు!” అనే ముందు



వార్షికోత్సవం వచ్చిందంటే మన హాస్టల్లో కథల పోటీలు, పాటల పోటీలు వస్తాయి. వాటి వెంటే “వాడు నాది కాపీ కొట్టిండు” అనే తగాదా కూడా వస్తుంది. తొమ్మిదో తరగతిలో ఆ మాట అన్నది నేనే. బొంబాయికి వలసపోయిన అమ్మ కోసం ఎదురుచూసే పిల్లవాడి కథ రాశాను. నా పక్క ట్రంకుపెట్టె మిత్రుడూ అలాంటిదే రాశాడు. ఫస్టు ప్రైజు వాడికి వచ్చింది. అన్నం ప్లేట్ల వరుసలో అందరి ముందూ వాణ్ణి “దొంగ” అన్నాను. ఆ తర్వాత వాడు గోడపత్రికకు ఏమీ రాయలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.ఏ. జర్నలిజంలో మీడియా చట్టాలు చదువుతుంటే ఆ రోజే గుర్తొస్తున్నది.

ఒకరి పేరు చెడగొట్టే మాట నలుగురికి చేరేటట్టు అన్నా, రాసినా, బొమ్మ గీసినా అది పరువునష్టం. పాత ఐ.పి.సి.లో ఇవి 499, 500 సెక్షన్లు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. రెండేళ్ల దాకా సాధారణ జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. సమాజ సేవ చేయమనీ అనవచ్చు. సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగడం వేరే. “నేననలేదు, ఎవరో అంటే చెప్పిన” అంటే చెల్లదు.

మరి అన్నది నిజమైతే? సివిల్ దావాలో నిజమే పెద్ద రక్ష. క్రిమినల్ కేసులో నిజమొక్కటే చాలదు, దాన్ని బయటపెట్టడం ప్రజల మేలు కోసమై ఉండాలి. “కథ చప్పగా ఉంది” అనేది అభిప్రాయం, సదుద్దేశంతో అంటే చట్టం అడ్డురాదు. “దొంగిలించాడు” అనేది ఆరోపణ. రుజువు అన్నవాడే చూపాలి.

ఆ రుజువు అంత తేలిక కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ఆలోచనను కాపాడదు, దాన్ని రాసిన తీరును కాపాడుతుంది. ఆర్.జి. ఆనంద్ అనే రచయిత తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని 1956లో వచ్చిన ‘న్యూ ఢిల్లీ’ సినిమా కాపీ కొట్టిందని కోర్టుకెక్కారు. రెండింటిలోనూ ప్రాంతీయ దురభిమానమే విషయం. అయినా 1978లో సుప్రీంకోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. విషయం ఒకటైతే చాలదు, రెండూ చూసినవారికి రెండోది మొదటిదాని నకలేనని తప్పక తోచాలన్నది.

మన తెలుగులోనూ ఉంది. 2015 నాటి ‘శ్రీమంతుడు’ సినిమా తన ‘చచ్చేంత ప్రేమ’ నవలకు కాపీ అని రచయిత శరత్ చంద్ర కేసు వేశారు. దర్శకుడు కొరటాల శివ కాదన్నారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ దర్శకుడికి ఊరట ఇవ్వలేదు. అంటే విచారణ ఎదుర్కోవాలన్నదే గాని, కాపీ కొట్టారని తేల్చినట్టు కాదు. పత్రికలవాళ్లు “ఆరోపణ” అనే మాట అందుకే వాడతారు. నేను దాన్ని ఇన్నాళ్లూ పిరికి మాట అనుకున్నాను.

మీ రచన నిజంగానే ఎవరైనా ఎత్తుకుంటే ఊరుకొమ్మని కాదు. రాసిన క్షణం నుండే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిత్తుప్రతి మీద తేదీ వేసి దాచుకోండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఏ వాక్యాలు కలిశాయో సారుకు చూపండి.

నేను అలా చూడనే లేదు. చూసి ఉంటే తెలిసేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుండి వచ్చిన మనలో చాలామంది ఇళ్లలో జరిగిన కథ అది. వాడి అమ్మ కూడా బొంబాయిలోనే ఉండె. అన్నది నలుగురిలో కాబట్టి నలుగురూ చదివే ఈ సంచికలోనే రాస్తున్నాను: ఆ కథ వాడి సొంతం. నేనన్నది తప్పు.