లూపస్ వ్యాధి - ఊపిరితిత్తులు

శరీరంలో ప్రవేశించే సూక్ష్మజీవులను ఎదుర్కొనుటకు ప్రకృతి మనకు రోగనిరోధక శక్తిని ప్రసాదించింది. ఆ శక్తియే దారితప్పి, తన శరీరాన్ని పరాయిదిగా భావించి దెబ్బతీయుట వలన కలిగే వ్యాధులలో లూపస్ ఒకటి. ఇది అంటువ్యాధి కాదు. రోగులలో పదింట తొమ్మిది మంది స్త్రీలే. బుగ్గలపై ఎర్రని దద్దురు, కీళ్ళ నొప్పులు, విడువని జ్వరం, జుట్టు రాలుట దీని సామాన్య లక్షణాలు. ఎండ తగిలిన వ్యాధి పెచ్చుపెరుగుతుంది.

ఈ వ్యాధి చర్మంతో ఆగక లోపలి అవయవాలను కూడ బాధించునని 1895, 1904 సంవత్సరాల మధ్య సర్ విలియం ఆస్లర్ తన వ్యాసాలలో వివరించాడు. ఊపిరితిత్తులను కప్పియుండే పలుచని పొర వాచుట తరచుగా కనిపించే బాధ. గట్టిగా ఊపిరి పీల్చినపుడు ప్రక్కలో పోటు వస్తుంది. కొందరికి అక్కడ నీరు చేరుతుంది. అరుదుగా ఊపిరితిత్తులే వాచుట, వాటిలో రక్తస్రావం జరుగుట, రక్తపు గడ్డ నాళానికి అడ్డుపడుట సంభవిస్తాయి. ఇవి ప్రాణాపాయకరములు.

మన ఒంగోలు ప్రాంతంలో ఎండలో మిరప, పత్తి కోతలకు పోయే స్త్రీలెందరో ఉన్నారు. వారిలో ఒకరికి దగ్గు, ఆయాసం వస్తే మొదట మిరప ఘాటు అనుకొనుట, తగ్గకున్న క్షయ అని తలచుట సహజం. క్షయ మన దేశంలో నేటికీ విస్తారంగా ఉన్నది గనుక ఆ అనుమానం తప్పు కాదు. జ్వరం, బరువు తగ్గుట, ప్రక్కలో నీరు చేరుట రెండు వ్యాధులలోను కనిపిస్తాయి. కాని చికిత్సలు వేరు. లూపస్‌ను అణచే స్టీరాయిడ్ మందులు క్షయను విజృంభింపజేయవచ్చు. క్షయ మందులు లూపస్‌ను తగ్గింపలేవు. ఒకే రోగికి రెండూ ఉన్నపుడు చిక్కు మరింత పెరుగుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, స్టీరాయిడ్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. కావున మోతాదును వైద్యుడే సరిచూడవలెను.

భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్ నేడు లూపస్ రోగుల కీళ్ళ బాధకు ఉపకరిస్తున్నది. ఆ మందు కూడ అరుదుగా ఊపిరితిత్తులకు వాపు కలిగిస్తుంది. అందుచేత లూపస్ రోగి దగ్గినపుడు కారణం వ్యాధియా, క్షయ వంటి అంటురోగమా, మందా అని తేల్చవలసి ఉంటుంది.

అది ఊహతో తేలదు. కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే, ప్రక్కలో చేరిన నీటి పరీక్ష, ఎ.ఎన్.ఎ. అనే రక్తపరీక్ష, అవసరమైతే సి.టి. స్కాన్ దారి చూపుతాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, మందులు ఉచితం. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో లూపస్ వంటి వ్యాధులకు ప్రత్యేక విభాగం కలదు.

విద్యార్థినీ విద్యార్థులు ఇంటివారికి చెప్పదగిన మాటలు మూడు. స్టీరాయిడ్ మందును సొంతంగా మొదలుపెట్టరాదు, హఠాత్తుగా మానరాదు. ఆయాసం హెచ్చినా, కళ్ళెలో రక్తం కనబడినా ఆ రోజే ఆసుపత్రికి పోవలెను. లూపస్ సోకిన ఆడపిల్లను అంటురోగి వలె దూరం పెట్టుట అజ్ఞానం. సకాలంలో చికిత్స పొందినచో ఆమె చదువు, ఉద్యోగం, సంసారం నిర్వహింపగలదు.