నా గీత ఏది?

ఆర్ట్ కాలేజీలో చేరినవారికి చెయ్యి ఏడాది రెండేళ్లలో సాగుతుంది. తమకు ఏ బొమ్మ నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో తేలడానికే ఏళ్లు పడుతుంది. ఫోన్లు బొమ్మల వర్షం కురిపిస్తూ, యంత్రాలు ఎవరి శైలినైనా దింపేస్తున్న ఈ రోజుల్లో ఆ తేల్చుకోవడమే అసలు చదువుగా మారింది.

మైసూరు కుర్రాడొకడు హైస్కూలు చదువు ముగించి బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దరఖాస్తు పంపాడు. అతని బొమ్మల్లో తమ సంస్థలో చేర్చుకోదగినంత ప్రతిభ లేదని డీన్ జవాబు రాశారు. కుర్రాడు చేసేది లేక మైసూరు మహారాజా కాలేజీలో బి.ఎ.లో చేరాడు. చదువుకుంటూనే అన్నగారు ఆర్.కె. నారాయణ్ కథలకు ‘ది హిందూ’లో బొమ్మలు వేశాడు. గళ్ల కోటు తొడుక్కున్న సామాన్యుడి చేత అర్ధ శతాబ్దం పాటు దేశ రాజకీయాలను మౌనంగా చూయించిన ఆర్.కె. లక్ష్మణ్ ఆయనే.

ఈ ఉదంతాన్ని ఆర్ట్ కాలేజీల మీద చమత్కారంగా చెప్పుకోవడం రివాజు. కానీ ఇందులో అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. కాలేజీ గడప తొక్కకముందే లక్ష్మణ్‌కు తనకేది ఇష్టమో తెలుసు. ‘ది హిందూ’లో అప్పుడప్పుడు అచ్చయ్యే బ్రిటిష్ కార్టూనిస్టు డేవిడ్ లో బొమ్మలకు ఆయన చిన్ననాటి నుంచే దాసుడు. ఆ సంతకాన్ని చాలాకాలం ‘కౌ’ అని చదువుకున్నారు కూడా. గీసినవాడి పేరు సరిగ్గా తెలియదు. గీత మాత్రం తెలుసు.

నేటి విద్యార్థి పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. జపాన్ మాంగా కళాకారుల నుంచి ఫ్రాన్సు కామిక్స్ రచయితల దాకా పేర్లన్నీ నోటికి వచ్చు. రోజుకు కొన్ని వందల బొమ్మలు బొటనవేలి కింద దొర్లిపోతాయి. వాటిలో నీకు నచ్చిందేది అని అడిగితే మాత్రం తడబాటు మొదలవుతుంది. చూసినది ఎక్కువ, నిలిచి చూసినది తక్కువ.

దానికి విద్యార్థిని మాత్రమే తప్పుపట్టలేం. ప్రవేశ పరీక్షల్లో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. సంతో, బస్టాండో, పెళ్లి ఊరేగింపో జ్ఞాపకం మీద వేయాలి. నిర్ణీత సమయంలో మనుషులు మనుషుల్లా, చెట్లు చెట్లలా రావాలి. అందుకోసం తయారయ్యే అభ్యర్థి తట్ట ఎత్తుకున్న మనిషినీ, పిల్లను చంకనెత్తుకున్న స్త్రీనీ ముందే కంఠస్థం చేసుకుని పోతాడు. అక్కడ పరీక్షించేది పోలికను, వేగాన్ని. రుచికి మార్కులు లేవు. హైదరాబాద్‌ మాసబ్ ట్యాంక్‌లోనైనా, విశాఖపట్నంలోనైనా, బరోడాలోనైనా తరగతిలో అడుగుపెట్టిన తర్వాతే అసలు ప్రశ్న ఎదురవుతుంది: పోలిక వచ్చేసింది, ఇక ఎలా గీయాలి?

సమాధానం చాలామందికి నకలుతో మొదలవుతుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. తెలుగునాట రెండు మూడు తరాల చిత్రకారులకు మొదటి డ్రాయింగు మాస్టారు ‘చందమామ’. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో, చేత కత్తి పట్టి భుజాన శవాన్ని వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడిని నోటు పుస్తకంలో దింపని పిల్లవాడు అరుదు. ఆ బొమ్మ వేసిన శంకర్ (కె.సి. శివశంకరన్) మద్రాసు ఆర్ట్ స్కూల్లో, శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో చదువుకున్నారు. పెద్ద పెద్ద కాన్వాసుల మీద కాకుండా పిల్లల పత్రిక పేజీలో ఆయన తన జీవితాన్ని గడిపారు. 2020లో ఆయన కన్నుమూసిన తర్వాత, 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

‘చందమామ’ తర్వాతి మెట్టు బాపు. లా పట్టా పుచ్చుకుని బొమ్మల్లోకి వచ్చిన ఆయన గీత ఎంత బలమైనదంటే, ‘బాపు బొమ్మ’ అన్న మాట తెలుగులో అందానికే పర్యాయపదమైపోయింది. ఆ బలమే తర్వాతి వారికి చిక్కు కూడా తెచ్చింది. వాలుజడ, కోటేరు ముక్కు, తలకట్లు సహా ఆయన చేతిరాత దాకా దింపుకున్నవారు లెక్కలేనంత మంది. బాపును దింపడం ఒక కష్టమైతే, దింపిన తర్వాత అందులోంచి బయటపడటం అంతకు పదింతల కష్టం. మోహన్, చంద్ర లాంటివారు పత్రికల్లో, పుస్తకాల అట్టల మీద, ఉద్యమాల పోస్టర్లలో వేరే తరహా గీతలు తెచ్చాకే తెలుగు ఇలస్ట్రేషన్‌కు ఇంకో దారి కూడా ఉందని కుర్రకారుకు నమ్మకం కలిగింది. ఇష్టపడటం అభిరుచికి మొదటి సగం. ఇష్టపడినదాన్ని దాటి రావడం రెండో సగం.

ఈ రెండో సగాన్ని నేర్పడం సిలబస్‌కు చేతకాదు. మంచి గురువుకు, మంచి వాతావరణానికి కొంత సాధ్యమవుతుంది. బరోడాలోని మహారాజా సాయాజీరావ్ విశ్వవిద్యాలయంలో 1950లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ అందుకు మంచి నిదర్శనం. అక్కడ దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన పిల్లల వాచకం ‘సహజ్ పాఠ్’కు బొమ్మలు వేసిన చేత్తోనే 1938 హరిపుర కాంగ్రెస్ మహాసభకు పల్లె జీవితాన్ని పోస్టర్లుగా చిత్రించినవారు నందలాల్. పెద్ద కళ, చిన్న కళ అన్న తేడాలు ఆ బడిలో చెల్లలేదు. సుబ్రమణ్యన్ కూడా కుడ్యచిత్రాలు చేశారు, బొమ్మలాటలకు పనికొచ్చే కొయ్య బొమ్మలు చేశారు, బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ కోసం పిల్లల పుస్తకాలు రాసి, వాటికి తానే బొమ్మలు కూడా వేశారు.

1963లో హైదరాబాద్ ఆర్ట్ కాలేజీ డిప్లొమాతో కె. లక్ష్మాగౌడ్ ఆయన దగ్గరకు చేరారు. సొంత ఊరు అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్. తోలుబొమ్మలు, కుమ్మరి మట్టి పనితనం చూస్తూ పెరిగిన కుర్రాడు. వెళ్లింది కుడ్యచిత్రాల చదువుకు. కానీ మనసు ప్రింట్‌మేకింగ్ మీదికి పోయింది. లోహపు రేకు మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, సిరా పట్టించి అచ్చు తీసే ఎచింగ్‌లో ప్రతి గీతా గాటులా నిలుస్తుంది. తిరిగి వచ్చి ఊరిని చూస్తే, నగరం మర్యాద పేరుతో కప్పిపెట్టే దేహం, కోరిక అక్కడ మేకలతో, చెట్లతో, ఎండతో కలిసి ఏ దాపరికమూ లేకుండా కనిపించాయి. ఆ లోకానికి ఆయన చాలాకాలం రంగులు కూడా పూయలేదు. నలుపు, తెలుపు, బూడిద ఛాయలే చాలనుకున్నారు. పల్లెను ముద్దుగా, అమాయకంగా చూడ అలవాటుపడ్డ కళ్లకు ఆ బొమ్మలు మింగుడుపడలేదు. అయినా గీత మారలేదు. ఆయనకు 2016లో పద్మశ్రీ దక్కింది.

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం 1970ల మొదట్లో అదే సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. గురువు ఒక్కరే, పుట్టిన నేల దాదాపు ఒక్కటే. తేలిన రుచులు మాత్రం వేరు. వైకుంఠానికి తల్లి జ్ఞాపకం, ఊళ్లో స్త్రీ వేషాలు కట్టే నటుల జ్ఞాపకం పట్టుకున్నాయి. నిండైన దేహాలు, రూపాయంత బొట్లు, ముతక చీరల మీద పసుపు, ఎరుపు. రంగులు చూసి మురిసిపోయే వారు గమనించని విషయం ఏమిటంటే, ఆ స్త్రీలను నిలబెట్టేది అడుగునున్న గీత.

అదే బరోడాలో 1972 నుంచి పాఠాలు చెప్పిన నస్రీన్ మొహమెదీ సంగతి ఇంకా విచిత్రం. మనుషులు, మేకలు, చీరలు ఏవీ లేవు. పెన్సిలు, సిరా, స్కేలు పట్టుకుని తెల్ల కాగితం మీద సన్నని గీతలు. అంతే. లండన్‌లో చదివి వచ్చి, చుట్టూ అందరూ కథలు చెబుతున్న కాలంలో ఆమె కథనే వదిలేశారు. 1990లో మరణించారు. 2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త భవనం మెట్ బ్రోయర్‌ను ఆమె చిత్రాల ప్రదర్శనతో ఆరంభించింది. ఒకే ఆవరణలో ఇంతటి వైరుధ్యాలు పక్కపక్కన కనిపించడం విద్యార్థికి దొరికే పెద్ద అదృష్టం. ఎంచుకోవాలంటే ముందు ఎదురెదురుగా రెండు ఉండాలి కదా.

అయితే కళాశాలల్లో ఒక కనిపించని కులవ్యవస్థ ఉంది. పెయింటింగ్ విభాగం పైమెట్టు, అప్లైడ్ ఆర్ట్ కింది మెట్టు. గ్యాలరీకి వెళ్లేది కళ, పుస్తకంలోకి వెళ్లేది పని. పుస్తకాల బొమ్మలను, కామిక్స్‌ను ప్రాణంగా ప్రేమించే విద్యార్థి తన ఇష్టాన్ని అధ్యాపకుల ముందు చెప్పుకోవడానికి జంకేది అందుకే. ఆ జంకును పోగొట్టినవారిలో ఒకరు అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చదివిన ఒరిజిత్ సేన్. నర్మదా ఉద్యమం నేపథ్యంగా ఆయన గీసిన ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ 1994లో వచ్చింది. భారతీయ గ్రాఫిక్ నవలల్లో మొదటిదని చాలామంది చెప్పే ఆ పుస్తకం ఏళ్ల తరబడి దొరకకుండా పోయి, 2022లో మళ్లీ అచ్చయింది. గోవా ఆర్ట్ కాలేజీలో చదివిన అమృతా పాటిల్ 2008లో ‘కారీ’ తెచ్చారు. బొమ్మ, కథ రెండూ ఒకే చేత్తో చెప్పవచ్చన్న ధైర్యాన్ని ఇలాంటి పుస్తకాలు ఇచ్చాయి.

ఏ కాలేజీకీ వెళ్లని వారి నుంచి వచ్చిన పాఠం ఇంకా సూటిది. అంబేద్కర్ జీవితం మీద 2011లో వచ్చిన ‘భీమాయన’కు మధ్యప్రదేశ్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. కామిక్స్ అంటే గళ్లుండాలి. తమ పాత్రలను గళ్లలో కుక్కితే ఊపిరాడదని వారు ముందే చెప్పేశారు. పేజీలను తమ ఇళ్ల గోడల మీది దిగ్నా ముగ్గుల వరుసలతో విభజించారు. మంచి మాటలకు పక్షి ఆకారపు బుడగలు, కుల దూషణలకు తేలు తోక ఉన్న బుడగలు గీశారు. ఏది వద్దో తెలిసినవారికి ఏది కావాలో కనిపెట్టడం కష్టం కాదు.

ఇప్పుడు ఈ ప్రయాణానికి రెండు అడ్డంకులు వచ్చిపడ్డాయి. మొదటిది ఫోన్. ఒక బొమ్మను నచ్చిందని నొక్కితే, అలాంటివే మరో వంద ముందుకొస్తాయి. ఇష్టాన్ని అది పెంచుతుంది కానీ దాటనివ్వదు. నెల తిరిగేసరికి ఒకే రకం పెద్ద కళ్లు, ఒకే రకం లేత రంగులు చూసి, అదే తన అభిరుచి అని విద్యార్థి అనుకుంటాడు. ఫోన్ మేలు చేయలేదని కాదు. 2009లో మొదలైన ఇంక్‌టోబర్ లాంటివి అక్టోబరు నెలంతా రోజుకో సిరా బొమ్మ వేసే అలవాటును చిన్న పట్టణాల పిల్లలకూ చేర్చాయి. కానీ గీయడానికి తోసేది వేరు, ఎంచుకోవడం నేర్పేది వేరు.

రెండో అడ్డంకి మరీ గట్టిది. 2022 నుంచి కృత్రిమ మేధ బొమ్మల యంత్రాలు అందరి చేతికీ వచ్చాయి. 2025 మార్చిలో జపాన్ గిబ్లీ స్టూడియో శైలిలోకి కుటుంబ ఫొటోలను మార్చుకునే జాతర ప్రపంచమంతా సాగింది. దశాబ్దాల శ్రమతో కుదిరిన శైలి అరనిమిషం సరదా అయిపోయింది. మరోపక్క కథలకు బొమ్మలు వేయించుకునే తెలుగు వార, మాస పత్రికలు కొన్ని 2020 కరోనా దెబ్బకు అచ్చు ఆపేశాయి. కొత్త చిత్రకారుడు చిన్న చిన్న పనులు చేస్తూ తప్పులు దిద్దుకునే చోటు అదే. పుస్తకం అట్ట, కథకు బొమ్మ, ప్రకటనకు స్కెచ్ లాంటి ఆ తొలి పనులకే యంత్రం పోటీ వచ్చింది. అందుకే అభిరుచి గురించి మాట్లాడటం ఇప్పుడు కడుపు నిండినవారి కబుర్లు కాదు. పోలికా, వేగమూ యంత్రానికి పుష్కలంగా ఉన్నాయి. శైలిని అది అద్దెకు తెచ్చుకోగలదు. వంద బొమ్మలు ముందు పెట్టి తొంభై తొమ్మిదింటిని ఎందుకు పక్కన పెట్టాలో చెప్పవలసింది మాత్రం ఇంకా మనిషే.

ఆ శక్తి పెరగడానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. స్కెచ్ బుక్ పట్టుకుని రైల్వే స్టేషన్లలో, సంతల్లో కూర్చునే పాత పద్ధతికి నేటికీ సాటి లేదు. కదిలిపోయే మనిషిలో ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో క్షణంలో తేల్చుకోక తప్పదు. అచ్చు పుస్తకాన్ని, అసలు బొమ్మను కళ్లతో చూడటం రెండోది. హైదరాబాద్‌లో జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం సేకరణలో పాత భారతీయ రేఖాచిత్రాలున్నాయి. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో తోలు మీద గీత గీసి, చిల్లులు పొడిచి వెలుతురునే రేఖగా మార్చే తోలుబొమ్మల కళాకారులున్నారు. 2014 నుంచి కోచిలో స్టూడెంట్స్ బినాలే ఆర్ట్ కాలేజీల పిల్లల పనిని దేశం ముందు పెడుతోంది. వెళ్లి చూస్తే, తనలాంటి వారు తనకు భిన్నంగా ఏం ఆలోచిస్తున్నారో విద్యార్థికి తెలుస్తుంది.

కాలేజీలు చేయదగిన పని కూడా ఒకటుంది. ఏడాది చివర బాగా వేసిన బొమ్మలకు మార్కులు వేయడంతో పాటు, నచ్చిన పది మంది చిత్రకారుల గురించి, నచ్చని ఇద్దరి గురించి కారణాలతో మాట్లాడమని అడగవచ్చు. మొదటి ఏడాది జాబితాకూ చివరి ఏడాది జాబితాకూ తేడా లేకపోతే, మధ్యలో చదువు ఎంత సాగిందో కొంత అనుమానించాల్సిందే. పూర్తిగా మారిపోయినా కంగారు పడనవసరం లేదు. ఎన్ని మార్పులు జరిగినా చెరగకుండా మిగిలిన ఆ ఒకటి రెండు పేర్ల దగ్గరే విద్యార్థి సొంత గీత మొదలవుతుంది.