చెరువుగట్టు నుండి ఓడరేవు దాకా – చలువ తెగని ప్రయాణం

మామిడికుదురు మండలంలో కొబ్బరితోట, అరటితోట, వరిచేను, రొయ్యలచెరువు పక్కపక్కనే కనబడతాయి. వీటిలో కొబ్బరికాయ కొంతకాలం ఆగుతుంది. ధాన్యాన్ని ఆరబెట్టి నిలువ చేసుకొనవచ్చును. అరటిగెలకు రోజులే గడువు. రొయ్యకు గంటలే గడువు. ఆగలేని సరుకును అమ్మే రైతు, కొనేవాడు చెప్పిన ధరకు తల ఊపవలసి వస్తున్నది. చలువ అనేది ఈ గడువును పెంచే సాధనం. గడువు పెరిగితే బేరమాడే శక్తి పెరుగుతుంది. అందువలన చల్లని బండి, చల్లని ఓడ అనేవి ఎగుమతి వ్యాపారుల సంగతులేనని రైతులు ఊరుకొనరాదు.

మంచుగడ్డ వచ్చిన దారి

1833 లో అమెరికాలోని బోస్టన్ నగరం నుండి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు సహజమైన మంచుగడ్డలను ఓడలో నింపి కలకత్తాకు పంపినాడు. నాలుగు నెలల ప్రయాణంలో కొంత కరిగినా, ఎక్కువ భాగం గడ్డగానే చేరినది. ఆ మంచును నిలువ చేయుటకు 1842 లో మద్రాసు సముద్రతీరాన కట్టిన భవనమే ‘ఐస్ హౌస్’. తరువాత యంత్రాలతో చలువ పుట్టించుట వచ్చినది. 1882 లో ‘డునెడిన్’ అనే తెరచాప ఓడ న్యూజీలాండు నుండి గడ్డకట్టిన మాంసాన్ని చెడకుండా లండనుకు చేర్చినది. 1940 ప్రాంతంలో ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ అనే అమెరికను లారీకి అమర్చదగిన శీతల యంత్రాన్ని రూపొందించినాడు. ఒకనాడు అమెరికా మంచు మన తీరానికి వచ్చినది. ఈనాడు మన తీరపు రొయ్య మంచుగడ్డయై అమెరికాకు పోతున్నది.

2009 లో వనామీ రకం రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి లభించిన తరువాత ఈ రవాణా బాగా పెరిగినది. కోనసీమ నుండి సరుకు ప్రధానంగా రోడ్డు మీదనే పోవలెను. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం 2025 నాటికి కూడా పూర్తికాలేదు. వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, వశిష్ఠ మీద దిండి–చించినాడ వంతెన పడిన తరువాత మన చెరువుల నుండి అటు కాకినాడకు, ఇటు భీమవరానికి లారీ తిన్నగా పోగలుగుతున్నది.

చలువ చేయగలిగినది, చేయలేనిది

చలువ సరుకును బాగుచేయదు. ఉన్న మంచితనాన్ని నిలుపుతుంది, అంతే. రొయ్య చచ్చిన క్షణం నుండి దాని శరీరంలోని ఎంజైములు, సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. వేడిలో ఆ పని వేగంగా, చలువలో నెమ్మదిగా సాగుతుంది. తలమీద, గుల్లమీద వచ్చే నల్లమచ్చ కూడ ఎంజైము పనియే. గట్టుమీద రెండు గంటలు ఎండలో ఉన్న రొయ్యను తరువాత ఎంత చల్లని పెట్టెలో పెట్టినా పోయిన నాణ్యత తిరిగి రాదు. నిషేధించిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలను కూడ చలువ కడిగివేయదు. దిగుమతి రేవులో పరీక్షలో అవి బయటపడితే సరుకు తిరస్కరింపబడుతుంది.

రైతు చేతిలో ఉన్న గంటలు

పట్టుబడి మొదలైనప్పటి నుండి బండి కదిలేవరకు ఉన్న కాలం రైతుది. ఆ తరువాత ఎన్ని యంత్రాలున్నా, ఈ కాలంలో జరిగిన నష్టాన్ని అవి పూడ్చలేవు. ఈ క్రింది పనులు తప్పక చేయవలెను.

1. పట్టుబడికి ముందు కొన్ని రొయ్యలను తీసి గుల్ల గట్టిదనాన్ని చూడవలెను. ఎక్కువ రొయ్యలు అప్పుడే గుల్ల విడిచి మెత్తగా ఉంటే నాలుగు రోజులు ఆగుట మంచిది.

2. తెల్లవారుజామున లేక చల్లని వేళ పట్టవలెను. గట్టుమీద పందిరి లేక టార్పాలిన్ నీడ ఉండవలెను.

3. పట్టిన రొయ్యను వెంటనే ఐసు కలిపిన చల్లని శుభ్రమైన నీటిలో ముంచవలెను. రొయ్య గిలగిల కొట్టుకొనక చల్లబడి చస్తుంది. మాంసం బిగువు చెడదు.

4. పెట్టెలో అడుగున ఐసు, పైన రొయ్య, మరల ఐసు – ఈ వరుసలో పేర్చి, అన్నిటికి పైన మందంగా ఐసు పరచవలెను. కరిగిన నీరు బయటకు పోవలెను. లోతైన పెట్టెలో నింపితే అడుగు రొయ్య నలుగుతుంది.

5. ఐసు మంచినీటితో తయారైనదై ఉండవలెను. మురికి ఐసు చెడుపును తానే మోసుకొని వస్తుంది.

ఐసు లెక్క

‘ఐసు ఖర్చు ఎక్కువ, సగం చాలదా?’ అని రైతులు తరచు అడుగుతుంటారు. లెక్క చూడండి. ఒక టన్ను రొయ్య 30 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 0 డిగ్రీలకు దిగుటకు సుమారు 25,500 కిలోకేలరీల వేడి తీసివేయవలెను. ఒక కిలో ఐసు కరుగుతూ 80 కిలోకేలరీలు పీల్చుకొనును. అంటే చల్లబరచుటకే దాదాపు 320 కిలోల ఐసు ఖర్చగును. పెట్టె గోడలు, ఎండ, తలుపు తీసినప్పుడు వచ్చే వేడిగాలి, ముంచే నీరు – ఇవన్నీ మిగిలిన ఐసును తినును. అందుచేతనే కిలో రొయ్యకు కిలో ఐసు అని చెప్పబడుతున్నది. వేసవిలో, దూరప్రయాణంలో ఇంకను ఎక్కువ కావలెను. ఐసులో ఆదా చేసిన రూపాయి, ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర నాణ్యత కోతగా పోతుంది.

ఫ్యాక్టరీ తరువాత

ఫ్యాక్టరీలో రొయ్యను కడిగి, కౌంటు వారీగా వేరుచేసి, మైనస్ 35 నుండి 40 డిగ్రీల చలిలో వేగంగా గడ్డకట్టిస్తారు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి మాంసాన్ని చీలుస్తాయి. కరిగినప్పుడు రసం కారిపోతుంది. ఆ పైన మైనస్ 18 డిగ్రీలకు తగ్గకుండా చలిని నిలుపుతూ రీఫర్ కంటైనరులో పంపుతారు. ఈ పెట్టె సరుకును గడ్డకట్టించదు. గడ్డకట్టిన దానిని ఆ స్థితిలో ఉంచుతుంది. చల్లని గాలి అడుగునుండి పైకి తిరుగవలెను గనుక గీత దాటి సరుకు నింపరాదు. రోడ్డుమీద జనరేటరు, ఓడలో కరెంటు దాని యంత్రాన్ని నడుపుతాయి. ఒక్కచోట చలువ తెగినా వెనుకటి శ్రమ వృథా.

గడ్డకట్టిన సరుకు నెలల తరబడి వేచి ఉండగలదు. చెరువులోని రొయ్య ఉండలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్రతీరంలో రొయ్య ధరలు పడిపోయినవి. శీతల గిడ్డంగి ఎవరిదో, ఆగగలిగే బలం వారిది.

అరటికి వేరే చలువ

రొయ్యకు మేలుచేసిన చలి అరటికి కీడు చేయును. 13 డిగ్రీలకు తక్కువైతే అరటి తొక్క మసకబారి, కాయ సరిగా పండదు. దూరప్రయాణానికి పచ్చికాయను 13–14 డిగ్రీలలో ఉంచవలెను. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుండి 43 శీతల కంటైనర్లలో అరటి రైలుమీద ముంబయి రేవుకు పోయినది. అది గ్రాండ్ నైన్ వంటి పొడవుకాయ రకాలకు నడచిన మార్గం. మన కర్పూరం, చక్కెరకేళి గెలలు రావులపాలెం మార్కెట్టు నుండి మామూలు లారీలలోనే పోతున్నవి. ఈ రకాలకు రీఫర్ ఖర్చు గిట్టునా అన్నది కొనుగోలుదారు ముందుగా కుదిరిన తరువాతే ఆలోచించవలెను. అంతవరకు ఖర్చులేని చలువను వాడుకొనవచ్చును: ఉదయం కోత, చెట్టునీడన గెలలు, ముప్పాతిక పక్వంలో కోయుట, అత్తాలు విడదీసి సొన కడుగుట, గుట్టగా పోయకుండుట.

ఒక్కరికి మోయరానిది

అర ఎకరం, ఎకరం చెరువున్న రైతు చలువబండి కొనలేడు, కొననవసరమూ లేదు. ఒకే కాలువ మీద ఉన్న పదిమంది పట్టుబడి తేదీలను కలుపుకొంటే ఒక బండి నిండుతుంది. ఐసు టోకున వస్తుంది. బేరం పదిమంది గొంతుతో సాగుతుంది. 2020 లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చలువబండ్లకు, ఐసు ఫ్యాక్టరీలకు సాధారణ లబ్ధిదారులకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సహాయం నిర్ణయింపబడినది. ప్రస్తుత నిబంధనలను రొయ్య రైతులు మత్స్యశాఖ కార్యాలయంలోను, అరటి రైతులు ఉద్యానశాఖలోను విచారించి తెలిసికొనవలెను.

రాబోయే పట్టుబడికి ముందు ప్రతి రైతు మూడు సంగతులు సరిచూచుకొనవలెను: ఐసు సరిపడా ఉన్నదా, నీడ ఉన్నదా, బండి వేళకు వచ్చునా? ఈ మూడును సిద్ధమైన తరువాతనే చెరువులో వల వేయవలెను.