ఓడినవాడు చప్పట్లు కొట్టిన ఆట

చదరంగంలో ఓడినవారు సాధారణంగా ఎదుటివారికి చేయి కలిపి మౌనంగా లేచిపోతారు. కాని 1972 జూలై 23న ఐస్‌లాండ్ రాజధాని రేక్‌జావిక్‌లో, ఓడిన ప్రపంచ చాంపియనే ప్రేక్షకులతో కలిసి ప్రత్యర్థికి చప్పట్లు కొట్టాడు. అతడు సోవియట్ యూనియన్‌కు చెందిన బోరిస్ స్పాస్కీ. గెలిచినవాడు అమెరికాకు చెందిన బాబీ ఫిషర్.

అది ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలో ఆరవ ఆట. మొదటి ఆట ఓడి, రెండవ ఆటకు హాజరుకాక నష్టపోయిన ఫిషర్, అయిదవ ఆట ముగిసేసరికి స్కోరు సమం చేశాడు. రెండు అగ్రరాజ్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న రోజులవి. స్పాస్కీ భుజాలమీద తన కిరీటమే కాదు, తన దేశ గౌరవమూ ఉంది.

తెల్లపావులతో ఆడేటప్పుడు ఫిషర్ దాదాపు ఎప్పుడూ రాజు ముందరి బంటునే మొదట కదిపేవాడు. ఆ రోజు అలవాటు మార్చుకున్నాడు. కొద్ది ఎత్తుల్లోనే ఆట ‘క్వీన్స్ గాంబిట్’లోకి వచ్చింది. ఇందులో తెలుపు ఒక పక్క బంటును ఎరగా చూపి, బల్ల నడుమ పట్టు సంపాదించాలని చూస్తుంది. స్పాస్కీ ఆ ఎర ముట్టకుండా, నడిమి బంటుకు మరో బంటును అండగా నిలిపాడు. ఆపైన ఎంచుకున్న టార్టకోవర్ పద్ధతి అతనికి బాగా నమ్మకమైనది. అంటే, ఫిషర్ అతని సొంత ఇంటికే వెళ్లి తలుపు తట్టాడన్నమాట!

20వ ఎత్తు నుండి తెల్లబంట్లు నడుమ ముందుకు సాగాయి. నల్లపావులకు కదలడానికి చోటు కరువైంది. 32 నుండి 36వ ఎత్తు వరకు స్పాస్కీ తన మంత్రిని రెండు గడుల మధ్య అటూ ఇటూ జరపడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. 38వ ఎత్తులో ఫిషర్ ఏనుగును బలియిచ్చి, నల్లరాజు ముందున్న బంట్ల గోడను కూల్చాడు. 41వ ఎత్తుకు స్పాస్కీ ఓటమి ఒప్పుకున్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి. వాటిలో అతనివీ కలిశాయి.

సెప్టెంబరు 1న కిరీటం ఫిషర్‌కు దక్కింది. స్నేహం మాత్రం చెడలేదు. 1992లో ఆంక్షలున్న యుగోస్లావియాలో స్పాస్కీతో తిరిగి ఆడినందుకు ఫిషర్‌పై అతని దేశంలో నేరాభియోగం నమోదైంది. 2004లో జపాన్‌లో నిర్బంధంలో పడ్డాడు. అప్పుడు స్పాస్కీ అమెరికా అధ్యక్షునికి లేఖ రాశాడు. ఫిషర్ చేసిన నేరమే తానూ చేశాననీ, తననూ అదే గదిలో ఉంచి ఒక చదరంగం బల్ల ఇవ్వమనీ కోరాడు!

ఫిషర్ 2008లో, స్పాస్కీ 2025లో కన్నుమూశారు. మీ పిల్లలకు చదరంగం నేర్పేటప్పుడు ఎత్తులతోపాటు ఆ చప్పట్ల సంగతి కూడా చెప్పండి. గెలవడం ఎలాగో పుస్తకాలు నేర్పుతాయి. ఎదుటివాని ప్రతిభకు సంతోషించడం మాత్రం ఇంట్లో పెద్దలే నేర్పాలి.