ఆకుపచ్చ స్టిక్కర్ అతికించారు... ఆరు నెలలకే కూలిపోయింది!

2024 డిసెంబరు 4. ఉదయం ఏడున్నర కావస్తోంది. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి హైదరాబాద్‌లో మా మంచం కూడా ఊగింది. అపార్ట్‌మెంట్ అంతా కిందికి దిగింది. ‘మీకూ తెలిసిందా’ అంటూ ఫోన్లు, వాట్సాప్‌లో వీడియోలు. అరగంటలో ఎవరి ఫ్లాట్‌కి వాళ్లం వెళ్లిపోయాం. అసలు లోపలికి వెళ్లొచ్చా అని ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లెవరు?

ఆ రోజు ఏం కాలేదు కాబట్టి సరిపోయింది. అదే పెద్ద భూకంపం వస్తే? ఊరంతా రోడ్ల మీద ఉంటుంది. చూడాల్సిన బిల్డింగులు వేలల్లో ఉంటాయి, చూడగలిగే ఇంజినీర్లు వందల్లో కూడా ఉండరు. దేన్ని ముందు చూడాలి, ఎవరు చూడాలి, చూసింది జనానికి ఎలా చెప్పాలి అన్నది ముందే రాసిపెట్టుకున్న నగరాలు కొన్ని ఉన్నాయి.

ఆ పద్ధతికి మూలం కాలిఫోర్నియాలో ఉంది. 1989లో అక్కడ ‘ఏటీసీ-20’ అనే మార్గదర్శిని తయారైంది. ట్రాఫిక్ సిగ్నల్ లాంటి లెక్క. ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటే వెళ్లొచ్చు. పసుపు ఉంటే షరతులతో, కొంత భాగమే వాడుకోవచ్చు. ఎరుపు ఉంటే అడుగు పెట్టకూడదు. అది అచ్చయిన కొద్ది వారాలకే, అక్టోబరు 17న, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని 6.9 తీవ్రతతో లోమా ప్రియెటా భూకంపం కుదిపేసింది. మరీనా అనే పేటలో ఎరుపు స్టిక్కర్ పడిన ఇళ్లవాళ్లకి సామాన్లు తెచ్చుకోవడానికి పావుగంట టైమిచ్చారు. పావుగంటలో మీరైతే ఏం తెచ్చుకుంటారు? అందుకే అనవసరంగా ఎరుపు అతికించడం కూడా చిన్న తప్పేం కాదు. ఒక కుటుంబం రోడ్డున పడుతుంది.

కానీ అనవసరంగా ఆకుపచ్చ అతికిస్తే ఏమవుతుందో న్యూజిలాండ్ చూసింది.

2010 సెప్టెంబరు 4న క్రైస్ట్‌చర్చ్ దగ్గర 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. తెల్లవారుజామున రావడంతో ప్రాణనష్టం దాదాపు లేదు. నగరంలో ‘సీటీవీ’ అని ఆరంతస్తుల భవనం ఉండేది. టీవీ స్టేషను, క్లినిక్కు, విదేశీ విద్యార్థులకి ఇంగ్లిష్ నేర్పే స్కూలు, అన్నీ అందులోనే. మర్నాడు పైపైన చూసి ఆకుపచ్చ స్టిక్కర్ వేశారు. రెండు రోజులకి నగరపాలక సిబ్బంది మళ్లీ వచ్చి చూసి, అదే ఖాయం చేశారు. వాళ్లలో స్ట్రక్చరల్ ఇంజినీర్ ఒక్కరూ లేరు. తర్వాత భవనం తరఫున ఒక ఇంజినీర్ వచ్చి చూశారు గానీ, ఆయన చేతిలో స్ట్రక్చరల్ డ్రాయింగులు లేవు. కనిపించిన పగుళ్లు పెద్దవేం కాదన్నారు.

2011 ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 12:51. ఈసారి భూకంప కేంద్రం నగరానికి బాగా దగ్గర. సీటీవీ భవనం క్షణాల్లో కుప్పకూలింది. ఆ భూకంపంలో మొత్తం 185 మంది చనిపోతే, అందులో 115 మంది ఈ ఒక్క బిల్డింగ్‌లోనే. స్కూల్లో పాఠం వింటున్న జపాన్, చైనా పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు.

విచారణ జరిపిన రాయల్ కమిషన్ తేల్చిందేమిటంటే, భవనం డిజైన్‌లోనే లోపాలున్నాయి, 1986లో అసలు దానికి పర్మిట్ ఇచ్చి ఉండాల్సింది కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. భూకంపం తర్వాత చేసే తనిఖీ ‘ఈ దెబ్బకి ఏమైనా చెడిందా’ అని మాత్రమే చూస్తుంది. ‘మొదట్నుంచీ గట్టిగా కట్టారా’ అన్నది దాని ప్రశ్నే కాదు. జనం మాత్రం ఆకుపచ్చ చూడగానే రెండోదానికి కూడా జవాబు దొరికిందనుకుంటారు. అందుకే న్యూజిలాండ్ తర్వాత ఆ రంగే తీసేసింది. ఇప్పుడక్కడ దాని బదులు తెల్ల స్టిక్కర్ వేస్తున్నారు. వాడుకోవచ్చు, అంతే. భరోసా ఇచ్చే రంగు లేదు.

డ్రాయింగుల విషయంలో శాన్‌ఫ్రాన్సిస్కో తెలివిగా ఆలోచించింది. అక్కడ భవన యజమాని భూకంపం రాకముందే ఒక ఇంజినీర్‌ని మాట్లాడి పెట్టుకోవచ్చు. ఆ ఇంజినీర్ తీరిగ్గా ప్లాన్లు చదివి, ఈ బిల్డింగ్‌లో ఏ పిల్లర్లు, ఏ జాయింట్లు ముందు చూడాలో రాసిపెడతాడు. నగరం ఆమోదిస్తుంది. భూకంపం రాగానే ఆయన నేరుగా వచ్చి, చూసి, అధికారిక స్టిక్కర్ తనే వేస్తాడు. నగరం పంపే ఇన్‌స్పెక్టర్ కోసం రోజుల తరబడి ఎదురుచూడక్కర్లేదు. డబ్బున్న ఆఫీసు టవర్లకి ఇది కుదురుతుంది, పాత అద్దె ఇళ్లకి ఎవరు చేయిస్తారన్నది వేరే సంగతి.

‘ఇదంతా ఎందుకు, శాటిలైట్ ఫొటోలకి ఏఐ పెడితే పోలా’ అని మా ఆఫీసులో ఒకడన్నాడు. నేనూ మొదట అదే అనుకున్నాను. ఏ పేట ఎక్కువ దెబ్బతిందో, టీమ్‌ల్ని ముందు ఎటు పంపాలో చెప్పడానికి అది నిజంగానే పనికొస్తుంది. కానీ పైనుంచి కనిపించేది శ్లాబు. కింద పార్కింగ్‌లో పిల్లర్లు చిట్లి, భవనం ఒక అంతస్తు మేర కూర్చుండిపోయినా, నిటారుగా పైనుంచి తీసిన ఫొటోలో పైకప్పు చక్కగానే ఉండొచ్చు. టార్చిలైట్ పట్టుకుని ఆ పిల్లర్ దగ్గరికి ఒక మనిషి వెళ్లాల్సిందే. వెళ్లిన మనిషికి లోపల ఇనుము ఎలా కట్టారో తెలియాలంటే డ్రాయింగ్ కావాలి.

పోయిన నెల మా అసోసియేషన్ సెక్రటరీని అడిగాను, ‘అంకుల్, మన స్ట్రక్చరల్ డ్రాయింగులు ఎక్కడున్నాయి?’ అని. బీరువా తీసి చూపించారు. లిఫ్ట్ వారంటీ, బోరు బిల్లులు, పెయింటింగ్ కొటేషన్లు ఉన్నాయి. ‘డ్రాయింగులంటే బిల్డర్ దగ్గరే ఉంటాయమ్మా’ అని నంబర్ ఇచ్చారు. చేశాను. ఆ నంబర్ ఇప్పుడు ఇంకెవరిదో.