వేషం అడగడానికి వెనకాడేవారికి: నాటకాల ఆడిషన్ల గురించి అపోహలు, వాస్తవాలు

నాటక పరిషత్తుల పోటీలు ఎక్కువగా సంక్రాంతి, శివరాత్రి, ఉగాది రోజుల చుట్టూ జరుగుతాయి. తెనాలి, చిలకలూరిపేట, నరసరావుపేట, పాలకొల్లు లాంటి ఊళ్లకు ఒక నాటికను తీసుకెళ్లాలంటే నాటక సమాజం నెలల ముందే కథ ఎంచుకోవాలి, పాత్రధారులను వెతుక్కోవాలి. ఒకప్పుడు ఈ వెతుకులాట టీకొట్టు దగ్గరో, ఆఫీసు క్యాంటీన్లోనో జరిగిపోయేది. ఇప్పుడు చాలాచోట్ల ‘ఆడిషన్లు’ అంటూ వాట్సాప్‌లో ప్రకటన వస్తోంది. అది చూసి వచ్చేవాళ్లు వస్తారు. చూసి, మనసుపడి, ఆఖరికి గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగేవాళ్ల గురించే నా బాధంతా. ఆడిషన్లలో బల్లకు ఇవతల కూర్చునే మనిషిగా వాళ్లను ఆపుతున్న మాటలు నాకు తెలుసు. వాటిలో చాలావరకు నిజం లేదు. కొన్నింటిలో కొంత ఉంది, అదీ చెబుతాను.

అపోహ: గొంతు పెద్దదైతే సగం గెలిచినట్టే

మన పద్యనాటకం మైకులు లేని రోజుల్లో పెరిగింది. ఆరుబయట కూర్చున్న జనంలో చివరివాడికి కూడా వినపడాలంటే ఎత్తు శ్రుతి తప్పేది కాదు. ఆ అలవాటు సాంఘిక నాటకంలోకీ వచ్చి తిష్ఠ వేసింది. కానీ ఆ కాలంలోనే బళ్ళారి రాఘవ, వృత్తికి ప్లీడరు, సందర్భం చూడకుండా రాగాలు సాగదీయడాన్ని వ్యతిరేకించారు. మాటకూ మౌనానికీ వేదిక మీద చోటు ఇచ్చారు. ఆయన 1946లో పోయారు. అయినా కేకకు చప్పట్లు పడతాయన్న నమ్మకం ఇంకా పోలేదు.

మేం వినేది కేక కాదు, వాక్యం చివర. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. అవునో కాదో కూడా అక్కడే తేలుతుంది. ‘రేపు మీ ఇంటికొచ్చి మీ నాన్నగారితో ఈ పెళ్లి సంగతి’ అన్నంతవరకు గట్టిగా వినిపించి, ఆ తర్వాత గొంతు దిగిపోతే ‘మాట్లాడతాను’ అన్నాడో ‘మాట్లాడను’ అన్నాడో పదో వరుసలో ఉన్నవారికి తెలియదు. కథే తారుమారైపోతుంది. కొత్తవాళ్లు వాక్యం మొదట్లోనే ఊపిరంతా వాడేసి చివరి మాట మింగేస్తారు. ఎంత గట్టిగా అరిచినా ఈ లోపం పోదు. పైగా అరిచేకొద్దీ ఊపిరి ఇంకా ముందే అయిపోతుంది.

దీన్ని ఇంట్లోనే సరిదిద్దుకోవచ్చు. అమ్మనో తమ్ముణ్ణో డాబా మీద అవతలి చివర నిలబెట్టండి. అరవకుండా ఒక పేజీ చదవండి. ఏ మాటలు వినపడలేదో అడగండి. దాదాపు అన్నీ వాక్యాల చివరి మాటలే అయి ఉంటాయి. వారం రోజులు ఈ ఒక్క పని చేసి వచ్చినవాళ్లు గదిలో నోరు విప్పగానే తెలిసిపోతారు.

అపోహ: ఏడిపించే ఘట్టం ఎంచుకుంటే వేషం ఖాయం

కాటిసీనులో హరిశ్చంద్రుడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, కొడుకులు గెంటేసిన తండ్రి. ఆడిషన్లకు వచ్చేవాళ్లలో చాలామంది తెచ్చుకునేవి ఇవే. కన్నీళ్లు నిజంగానే వస్తాయి, అందులో మోసమేమీ లేదు. కానీ మొదటి మాట దగ్గర ఎంత దుఃఖం ఉందో ఆఖరి మాట దగ్గరా అంతే ఉంటే, ఆ మనిషి ఏడవగలడని తప్ప మాకింకేమీ తెలియదు. నాటికలో అదే పాత్ర అంతకుముందు కూరగాయల బేరమాడాలి, పక్కింటివాళ్లతో పరాచికాలాడాలి. వచ్చే దుఃఖాన్ని ఆపుకోవాలి. ఆపుకునే ప్రయత్నం కనిపించిన చోటే ప్రేక్షకుడు ఏడుస్తాడు.

అందుకే మొదటిసారి చేశాక దర్శకుడు ఏదో ఒకటి మార్చమంటాడు. ‘ఇదే మాట నవ్వుతూ అనమ్మా’ అంటాడు. ‘ఎదుటివాడు నీకు డబ్బు బాకీ ఉన్నాడనుకుని చెప్పు బాబూ’ అంటాడు. ఇది వినగానే చాలామంది ముఖాలు వాడిపోతాయి, మొదట చేసింది నచ్చలేదేమోనని. చాలాసార్లు జరిగేది అందుకు పూర్తిగా వ్యతిరేకం. పనికొస్తారనిపించినవారిమీదే మేం ఆ సమయం ఖర్చుపెడతాం. రెండోసారి బాగా చేయాలని కూడా అనుకోం. మారితే చాలు. చెప్పింది చెవికెక్కిందని, దాన్ని ఒంట్లోకి తెచ్చుకునే ధైర్యం ఉందని తెలిస్తే చాలు.

ఆ తర్వాత ఇద్దరి చేతుల్లో స్క్రిప్టు పెట్టి చదివిస్తాం. అప్పుడు నా కళ్లు మాట్లాడేవారి మీద కంటే, మాట లేకుండా నిలబడ్డవారి మీదే ఉంటాయి. తన తర్వాతి డైలాగు కాగితంలో వెతుక్కుంటున్నారా, ఎదుటివారు చెప్పేది వింటున్నారా? నాటకం నడిచేది వినేవాళ్లవల్ల. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కూడా మూడేళ్ల కోర్సుకు విద్యార్థులను ఎంచుకునేటప్పుడు మొదటి పరీక్షతో ఆగదు. వడపోతలో మిగిలినవారిని పిలిచి కొన్ని రోజులపాటు వర్క్‌షాప్ పెడుతుంది. రెండు నిమిషాల ప్రదర్శనలో దొరకనిది కలిసి పనిచేస్తేనే బయటపడుతుంది. మనలాంటి చిన్న సమాజాలకు అన్ని రోజులు కుదరవు కాబట్టి, ఆ గంటలోనే చిన్న రిహార్సల్ చేసి చూస్తాం. ఆడిషన్ అంటే ఇదే. దీన్ని పరీక్ష అనుకుని వచ్చేవాళ్లు బిగుసుకుపోతారు, మొదటి రిహార్సల్ అనుకుని వచ్చేవాళ్లు పని చేస్తారు.

అపోహ: మధ్యలో మాట మర్చిపోతే ఇంటికే

మర్చిపోండి, పర్వాలేదు. ఆగి, ఊపిరి తీసుకుని, పాత్రలోనే ఉండి మళ్లీ అందుకోండి. ‘సారీ సార్’ అని పాత్రలోంచి బయటికొచ్చి నాలుక కరుచుకోవడమే ఇబ్బంది. ప్రదర్శనలో కరెంటు పోతుంది, తలుపు తెరుచుకోదు, ఎదుటి పాత్ర రావలసిన సమయానికి రాదు. అప్పుడు వేదిక మీద ఎవరు నిలబడతారో ఇక్కడే తెలుస్తుంది.

అపోహ: ఊరి యాసతో మాట్లాడితే పనికిరారు

ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు గదిలోకి అడుగుపెట్టగానే తమ మాటను లోపల దాచేసి, టీవీ వార్తల భాష మొదలుపెడతారు. ఆ భాషలో వాళ్లు కోప్పడలేరు, బతిమాలలేరు, పోట్లాడలేరు. మనిషే మాయమైపోతాడు.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ ఇన్నేళ్లు బతికి ఉందంటే, గురజాడ ఎవరి మాట వాళ్లకిచ్చినందువల్లనే. అగ్నిహోత్రావధానుల మాట గిరీశానికి అతకదు, గిరీశం మాట మధురవాణికి అతకదు. మీ సొంత యాసలో ఒక ముక్క తప్పకుండా తయారుచేసుకుని రండి. పాత్రకు మరో ప్రాంతపు మాట కావాలంటే రిహార్సల్‌లో నేర్పుతాం. ఎవరైనా నేర్చుకునేదే అది. పద్యనాటకంలో మాత్రం వత్తులు స్పష్టంగా పలకాలి, లకు ళకు, నకు ణకు తేడా తెలియాలి. దానికి సాధన కావాలి. యాసకూ దానికీ సంబంధం లేదు.

అపోహ: అందం, ఒడ్డూపొడుగూ ఉంటేనే

ఆడవేషాలకు ఆంధ్రదేశంలో అంత పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్నది బాపట్ల మగవాడు స్థానం నరసింహారావు. 1920ల తొలినాళ్లలో ఊళ్లో హరిశ్చంద్ర నాటకం పడుతుంటే చంద్రమతి వేషధారి రాలేదు, ఆ ఖాళీలో నిలబడి ఆయన మొదలుపెట్టారు. తర్వాత సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా జనాన్ని నమ్మించారు. మేకప్పు, దీపాలు, నడక కలిసి చేసే పని చాలా ఉంటుంది.

రూపం అసలు చూడమా అంటే, చూస్తాం. తండ్రీకొడుకులుగా వేసేవాళ్లు పక్కపక్కన నిలబడితే తండ్రీకొడుకుల్లా ఉన్నారా అని చూస్తాం. అది ఇద్దరి పొందిక, ఒకరి అందం కాదు.

అపోహ: పద్యం పాడటం రాకపోతే రంగస్థలం వైపు చూడకూడదు

పద్యనాటకానికి శ్రుతిజ్ఞానం ఉండి తీరాలి. హార్మోనియం శ్రుతి ఒకటైతే గొంతు మరొకటి పట్టుకునేవారికి కృష్ణుడి వేషం ఇవ్వలేం. సాంఘిక నాటకం, నాటిక వేరు. అక్కడ రాగంతో పని లేదు. ప్రకటనలో ఏ విభాగమో రాసి ఉంటుంది, లేకపోతే ఫోన్ చేసి అడగండి.

అపోహ: వేషాలు ముందే పంచేసుకుంటారు, ఆడిషన్ ఉత్త తంతు

కొన్నిచోట్ల ఇది నిజమే, దాచను. రచయిత ఒక నటుణ్ణి మనసులో పెట్టుకుని రాస్తాడు. ఏళ్లుగా కలిసి పనిచేసినవాళ్లకు మొదటి పిలుపు వెళ్తుంది. సురభివారి సంగతి చూస్తే, 1885లో ‘కీచకవధ’తో మొదలైనప్పటి నుంచీ అది కుటుంబాల నాటకమే. అక్కడి పిల్లలు లోహితాస్యుడిగా, ప్రహ్లాదుడిగా వేదిక ఎక్కి, వయసు పెరిగేకొద్దీ పెద్ద వేషాలకు వెళ్తారు. వాళ్లకు ఆడిషన్ అవసరమే రాలేదు.

ఊరి సమాజాల పరిస్థితి అది కాదు. మా నటుల్లో ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు టీచరు, ఒకరు ఆర్టీసీ మనిషి. బదిలీ అయితే ఒక పాత్ర పోయినట్టే. సీరియల్‌లో అవకాశం వస్తే మరొకటి. నాలుగైదు పాత్రల నాటికలో ఒక్కరు తప్పుకుంటే నెలల కష్టం ఆగిపోతుంది. కొత్త మనిషి దొరకడం మా అవసరం.

ఆడపిల్లల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. కొద్దిమంది నటీమణులే ఊరూరా తిరుగుతూ ఒకే సీజన్‌లో ఎన్నో సమాజాలకు వేస్తున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. వేదిక మీద స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని రాఘవ పట్టుబట్టిన కాలం నుంచి ఇంతదూరం వచ్చాక కూడా, కొత్త అమ్మాయిలు రావడానికి జంకుతున్నారంటే తప్పు వాళ్లది కాదు. రిహార్సల్ ఎక్కడ, ఎన్నింటికి ముగుస్తుంది, ఇంటికి ఎవరు దిగబెడతారు, ఇంకెవరు ఆడవాళ్లున్నారు అని మొదటిరోజే అడగండి. అన్ననో స్నేహితురాలినో వెంట తెచ్చుకోండి. సరిగా నడిచే సమాజం మీరు అడగకముందే ఇవన్నీ చెబుతుంది.

అపోహ: తీసుకోలేదంటే ప్రతిభ లేదని అర్థం

తల్లి పాత్రకు ఎంచుకున్నావిడ వయసును బట్టి కూతురు మారుతుంది. ఇద్దరి గొంతులూ ఒకేలా ఉంటే ఒకరిని వదులుకుంటాం, లేకపోతే ఎవరు మాట్లాడుతున్నారో ప్రేక్షకుడికి తెలియదు. గదిలో అందరికంటే బాగా చేసిన మనిషికి ఆ ఏడాది కథలో పాత్రే ఉండకపోవచ్చు. అలాంటివాళ్ల పేర్లు మేం రాసిపెట్టుకుంటాం. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే మొదట ఫోన్ వెళ్లేది వాళ్లకే.

అపోహ: సినిమాకు ఇది దగ్గరి దారి

స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఏళ్లపాటు నాటకాలాడిన కోట శ్రీనివాసరావు, ‘ప్రాణం ఖరీదు’ నాటకం 1978లో సినిమా అయినప్పుడు తెరమీదికి వెళ్లారు. ఇలాంటి కథలు నిజమే. కానీ కెమెరా కోసం రీల్ చేసుకుని వచ్చి ఇక్కడ చూపిస్తే మాకు ఉపయోగం లేదు. మాకు కావలసింది పాదాల నుంచి తల దాకా ఒకేసారి కనిపించే మనిషి.

అపోహ: వేషం కావాలంటే మొదట కొంత డబ్బు కట్టాలి

చదువు చెప్పే సంస్థలు దరఖాస్తు రుసుము తీసుకుంటాయి, అది వేరు. ఊరి సమాజంలో వేషానికి డబ్బు అడగరు. పోర్ట్‌ఫోలియో అనో, రిజిస్ట్రేషన్ అనో, శిక్షణ అనో ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా వచ్చేయండి. కొత్తవారికి పారితోషికం ఉండకపోవచ్చు. దారిఖర్చులు, భోజనం, బస ఎవరిదో ముందే తేల్చుకోండి.

మేమూ మిమ్మల్ని కొన్ని అడుగుతాం. సాయంత్రం ఏడింటికి రిహార్సల్‌కు రాగలరా? పోటీలున్న వారాల్లో సెలవు దొరుకుతుందా? ఇంట్లో పెళ్లిళ్లూ పరీక్షలూ ఏమైనా ఉన్నాయా? వేషం మీద ఆశతో అన్నింటికీ సరేననకండి. కుదరని తేదీలు కాగితం మీద రాసి తెచ్చి బల్లమీద పెట్టండి. వాటికి తగ్గట్టు రిహార్సల్ వేళలు మార్చుకోవడం మాకు కొత్తేమీ కాదు.